అమావాస్య నాటి సర్వర్: ఒక రొయ్యల కొనుగోలు కేంద్రానికి లినక్స్ డిస్ట్రో ఎంచిన కథ

గోదావరి డెల్టాలో చిన్న వ్యాపారాలకి సర్వర్లు పెట్టి చూసుకోవడం నా పని. రైస్ మిల్లులు, మేత డీలర్లు, ఐస్ ఫ్యాక్టరీలు, ఒకటి రెండు నర్సింగ్ హోములు. ఈ కేసు 2024 వానాకాలంలోది. యజమాని సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు చెప్పను. మనుషుల పేర్లు, కొన్ని అంకెలు మార్చాను. సర్వర్ సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను.

నేపథ్యం

భీమవరం, నరసాపురం మధ్య కాలవ గట్టు మీద ఒక రొయ్యల కొనుగోలు కేంద్రం ఉంది. పక్కనే వాళ్ళదే ఐస్ ఫ్యాక్టరీ. వశిష్ఠ గోదావరి పాయ దాటాక కోనసీమ వైపు ఇంకో చిన్న కేంద్రం. రెండు చోట్లా కలిపి పదకొండు కంప్యూటర్లు, నాలుగు కాటాలు.

ఇక్కడ పని తెల్లవారుజామున మొదలవుతుంది. చెరువు మీద పట్టుబడి అయ్యాక ట్రేలు వస్తాయి. కాటా వేస్తారు, కౌంట్ తీస్తారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నదే కౌంట్, రేటు దాన్ని బట్టే. రైతు పేరు, చెరువు, తూకం, కౌంట్, రేటు అన్నీ సర్వర్‌లోకి ఎక్కాక స్లిప్ బయటికి వస్తుంది. స్లిప్ రాకపోతే లారీ కదలదు. లారీ కదలకపోతే ఐస్ కరుగుతుంది. బ్యాంకుల్లో సర్వర్ ఆగితే కస్టమర్లు విసుక్కుంటారు, ఇక్కడ సరుకే పాడవుతుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే తర్వాత నేను తీసుకున్న నిర్ణయాలు కొంచెం అర్థమవుతాయి.

సర్వర్ 2015లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అందులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ సెంటాస్ 7, లినక్స్‌లో ఒక రకం. ఇలాంటి రకాల్నే డిస్ట్రోలంటారు. సాఫ్ట్‌వేర్ రాసింది కాకినాడ కుర్రాడు ఒకతను, పీహెచ్‌పీ భాషలో, మరియాడీబీ డేటాబేస్ మీద. ఇప్పుడతను విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. వాట్సాప్‌లో దొరుకుతాడు, ఆదివారాలు జవాబిస్తాడు. మంచివాడే, కానీ ఆదివారం దాకా రొయ్య ఆగదు.

సెంటాస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. రెడ్ హ్యాట్ వాళ్ళ డబ్బు కట్టే లినక్స్‌నే మళ్ళీ కట్టి ఉచితంగా ఇచ్చేది సెంటాస్. దాని 8వ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయని అందరం అనుకున్నాం. 2020 డిసెంబర్ 8న ఆ గడువు 2021 డిసెంబర్ 31కే ముగుస్తుందని ప్రకటన వచ్చింది. 7వ వెర్షన్ గడువు మాత్రం మారలేదు. ఆ రోజుల్లో చురుగ్గా 8కి మారినవాళ్ళు పరుగులు పెట్టారు, మారకుండా కూర్చున్న బద్ధకస్తులు హాయిగా ఉన్నారు. మా క్లయింటు రెండో రకం. ఆ హాయికి వాయిదా 2024 జూన్ 30.

సమస్య

జూలైలో ఒక సాయంత్రం యజమాని గారు ఫోన్ చేశారు.

"బాబూ, ఎగుమతి కంపెనీ వాళ్ళు ఏదో ఫారం పంపారు. మీ కంప్యూటర్‌కి కాలం చెల్లిందా లేదా అని అడుగుతున్నారు. చెల్లిందంటావా?"

"చెల్లిందండి. పోయిన నెలాఖరుకే."

"మరి బాగానే పనిచేస్తోంది కదా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం ఎప్పుడూ కష్టమే. అది నిజంగానే బాగా పనిచేస్తోంది. మర్నాడు వెళ్ళి సర్వర్ ముందు కూర్చుని అప్‌డేట్లు తెచ్చే యమ్ అప్‌డేట్ కమాండ్ కొట్టాను. ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సెంటాస్ సర్వర్ అడ్రసే దొరకలేదని ఎర్రర్ వచ్చింది. గడువు ముగిశాక ఆ అడ్రస్ తీసేశారు. పాత ప్యాకేజీలు వాల్ట్ అనే ఆర్కైవ్‌లో ఉంటాయి కాబట్టి దారి మళ్ళించి ఎర్రర్ పోగొట్టొచ్చు. కానీ కొత్త సెక్యూరిటీ ప్యాచ్‌లు అక్కడ రావు. చూడ్డానికి తాళం వేసినట్టే ఉంటుంది, గడియ మాత్రం పడి ఉండదు.

ఇంకా చూస్తే పీహెచ్‌పీ 5.4. లినక్స్‌లో అదనపు కాపలా లాంటి ఎస్‌ఈలినక్స్‌ని ఎప్పుడో ఆపేశారు. డిస్కుల్ని జత కలిపి నడిపే రెయిడ్ కార్డ్ బ్యాటరీ చచ్చిపోయింది. రోజూ బ్యాకప్ అవుతోంది, కానీ అదే డిస్క్ మీదకి. ఆ చివరి సంగతి చూశాక డిస్ట్రో మాట పక్కన పెట్టి ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెప్పించాను. ఆ రాత్రే డేటాబేస్ మొత్తం దానిమీదకి తీసి, నా ల్యాప్‌టాప్‌లో తిరిగి ఎక్కించి, లెక్కలు సరిపోయాయని గుమస్తా గారి చేత చూపించుకున్నాకే నిద్రపోయాను.

క్లౌడ్‌కి మార్చొచ్చు కదా అని మీరు అడగొచ్చు, నేనూ అనుకున్నాను. కాలవ గట్టు మీద పొక్లెయిన్ దిగినప్పుడల్లా ఇక్కడ ఫైబర్ తెగుతుంది. కాటా, ప్రింటర్, స్లిప్ మూడూ ఒకే గదిలో ఉన్నప్పుడు మధ్యలో వైజాగో హైదరాబాదో ఎందుకు? సర్వర్ ఇక్కడే ఉండాలని తేలిపోయింది.

ముహూర్తం

సర్వర్ ఆపాలంటే కొనుగోలు తగ్గిన రోజు కావాలి. పున్నమి, అమావాస్యల చుట్టుపక్కల రొయ్యలు ఎక్కువగా పైపెంకు విడుస్తాయని ఇక్కడి రైతుల లెక్క. అప్పుడు పడితే సాఫ్ట్ (పెంకు మెత్తగా ఉన్న రొయ్య) ఎక్కువ పోయి ధర కోస్తారు, అందుకని ఆ రోజుల్లో పట్టుబడులు తగ్గించుకుంటారు. సర్వర్ పనికి ఇంతకంటే మంచి రోజు లేదు. గుమస్తా గారు మాత్రం ఒప్పుకోలేదు. "అమావాస్య పూట కొత్తది మొదలెడతారా ఎవరైనా? ఆయ్, మీ చదువులు వేరు." చివరికి రాజీ కుదిరింది. పని అమావాస్య రాత్రి చేసుకోవచ్చు, కొత్త సర్వర్ మీద మొదటి స్లిప్ మాత్రం విదియ నాడు తీయాలి. నాకూ అదే మేలు. మధ్యలో పరీక్షించుకోవడానికి రెండు రోజులు చిక్కుతాయి.

మొదటి ప్రయత్నం, నా తప్పు

మొదట రాకీ లినక్స్ 9 అనుకున్నాను. సెంటాస్ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన గ్రెగరీ కుర్ట్జర్, సెంటాస్ 8 కథ ముగిసిందనగానే మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. 2032 మే దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి. కాకినాడ కుర్రాడికి అలవాటైన కుటుంబమే. ఆఫీసులో సర్వర్ చూసుకునే అమ్మాయి నోట్‌బుక్‌లో ఉన్న కమాండ్లు కూడా దాదాపు అలాగే పనిచేస్తాయి. అలవాటైన చెయ్యి తప్పు తక్కువ చేస్తుందని నా ఆలోచన. ఆలోచన తప్పు కాదు, అది ఒక్కటే చూడటం తప్పు.

ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసే ఎలివేట్ అనే సాధనం ఉంది, రాకీ లాంటి ఇంకో డిస్ట్రో ఆల్మా వాళ్ళు తెచ్చింది. 7 నుంచి 8కి, అక్కణ్ణుంచి 9కి రెండు గెంతులు. వద్దనుకున్నాను. తొమ్మిదేళ్ళుగా ఎవరెవరో చేతులు పెట్టిన సిస్టమ్ అది. మధ్యలో కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు యూపీఎస్ చేతులెత్తేస్తే అటూ ఇటూ కాకుండా పోతాం. అందుకని పాత డిస్కులు పూర్తిగా బయటికి తీసి, వాటి మీద నంబర్లు రాసి, కొత్త డిస్కులు పెట్టి, తాజాగా ఇన్‌స్టాల్ చేయాలని నిర్ణయించాను. ఈ కేసులో నేను చేసిన మంచి పనుల్లో ఇదే పెద్దది.

ముందుగా ఇంట్లో, నా ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన ఉత్తుత్తి కంప్యూటర్) మీద రిహార్సల్ చేశాను. అంతా నున్నగా జరిగింది.

ఆషాఢ అమావాస్య ఆదివారం వచ్చింది. రాత్రి పది గంటలకి సర్వర్ ఆపి, డిస్కులు మార్చి, రెయిడ్ కార్డ్ మెనూలో కొత్త డిస్కుల్ని జత చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి రాకీ ఇన్‌స్టాలర్ లేపాను. భాష, కీబోర్డ్ అయ్యాక డిస్క్ ఎంచుకోమంది. అక్కడ డిస్కే లేదు. పెన్‌డ్రైవ్ ఒక్కటి కనిపిస్తోంది.

కేబుళ్ళు తీసి పెట్టాను. కార్డ్ మెనూలో డిస్కులు చక్కగా కనిపిస్తున్నాయి. ఇన్‌స్టాలర్‌లోంచి కమాండ్ లైన్‌కి వెళ్ళి చూస్తే కార్డ్ ఉన్నట్టే తెలుస్తోంది, కార్డ్‌తో మాట్లాడాల్సిన ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, మాత్రం దాన్ని పట్టుకోవడం లేదు. బయట వాన. ఫోన్‌లో సిగ్నల్ కోసం ఐస్ ఫ్యాక్టరీ అరుగు మీదకి వెళ్ళి నిలబడి చదివాను. రెడ్ హ్యాట్ 8 నుంచి చాలా పాత రెయిడ్ కార్డులకి మద్దతు తీసేశారు. డ్రైవర్ పేరు అదే ఉంటుంది, కానీ అది గుర్తుపట్టే కార్డుల జాబితాలోంచి పాతవాటి నంబర్లు కొట్టేశారు. మాది ఎల్‌ఎస్‌ఐ 2108 చిప్ ఉన్న కార్డ్. కొట్టేసినవాటిలో అదీ ఉంది. రెడ్ హ్యాట్‌ని అలాగే తిరిగి కట్టే రాకీలోనూ అదే కొనసాగుతుంది కదా. ఇదంతా ఎప్పుడో రిలీజ్ నోట్స్‌లో రాసి ఉంది. చదవనిది నేను. వర్చువల్ మెషీన్‌లో రెయిడ్ కార్డే లేదు కాబట్టి నా రిహార్సల్ నాకేమీ చెప్పలేదు. చెరువు గట్టు మీద ఈత నేర్చుకున్నట్టయింది.

రాత్రి ఒంటిగంట. దారి ఒకటి కనిపించింది. ఎల్‌రెపో అనే బయటి రిపాజిటరీ (ప్యాకేజీల గిడ్డంగి), తీసేసిన డ్రైవర్లని విడిగా ఇస్తుంది. పెన్‌డ్రైవ్ మీద వేసుకుని ఇన్‌స్టాలర్‌కి చూపిస్తే డిస్కులు కనిపిస్తాయి. చేద్దామని చెయ్యి పోయింది. కాసేపు ఆగి ఒక్క ప్రశ్న వేసుకున్నాను. ఆరు నెలల తర్వాత 9.4 పోయి 9.5 వస్తుంది. ఆ అమ్మాయి మామూలుగా అప్‌డేట్ చేస్తుంది. కొత్త కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) సరిపడే డ్రైవర్ అదే రోజున సిద్ధంగా లేకపోతే సర్వర్ రీబూట్‌లో డిస్క్ దొరక్క ఆగిపోతుంది. అది తెల్లవారుజామున మూడింటికి జరుగుతుంది, నేను రాజమండ్రిలో ఏ పెళ్ళిలోనో ఉంటాను. బయటి డ్రైవర్ మీద డిస్క్ ఆధారపడే ఏర్పాటు, ఆ డ్రైవర్ అర్థమయ్యే మనిషి పక్కనే ఉన్నచోట పర్వాలేదు. ఇక్కడ కాదు. వెనక్కి వెళ్ళిపోదామని తేల్చుకున్నాను.

పాత డిస్కులు నంబర్ల ప్రకారం పెట్టి ఆన్ చేస్తే ఇంకో టెన్షన్. ఫారిన్ కన్ఫిగరేషన్ దొరికిందని కార్డ్ మెసేజ్ ఇచ్చింది. తన దగ్గరున్న లెక్క ఒకటి, డిస్కుల మీద రాసి ఉన్న లెక్క ఇంకొకటి. డిస్కుల మీదున్న లెక్కే తీసుకో అంటే ఇంపోర్ట్, పొమ్మంటే క్లియర్. నిద్రమత్తులో క్లియర్ నొక్కితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఇంపోర్ట్ చేసే ఎఫ్ నొక్కే ముందు కుర్చీలోంచి లేచి, మొహం కడుక్కుని వచ్చాను. నొక్కాను. సెంటాస్ లాగిన్ వచ్చింది. ఆ పూటకి వచ్చిన రెండు లారీలకీ స్లిప్‌లు పాత సర్వర్ మీదే వెళ్ళాయి.

గుమస్తా గారు పొద్దున్న కాఫీ ఇస్తూ "అమావాస్య అని చెప్పానా లేదా" అన్నారు. జవాబు చెప్పలేదు.

మళ్ళీ ఆలోచించడం

శ్రావణ అమావాస్య దాకా నెల వ్యవధి. కొత్త సర్వర్ కొందామా అని యజమాని గారే అడిగారు. కొంటే మంచిదే, కానీ ఆ సీజన్ రేట్లు బాగోలేక వచ్చే ఏడాది చూద్దామన్నారు. అంటే ఈ పాత పెట్టెతోనే ఇంకో ఏడాదీ రెండేళ్ళూ.

మిగిలినవి మూడు: ఆల్మా 9.4, డెబియన్ 12, ఉబుంటు 24.04. ఆల్మా 9.4లో ఒక విశేషం ఉంది. రెడ్ హ్యాట్ తీసేసిన పాత హార్డ్‌వేర్‌లో కొన్నిటికి, మా కార్డ్ వాడే మెగారెయిడ్ డ్రైవర్ సహా, 2024 మేలో వచ్చిన ఆ వెర్షన్‌లో వాళ్ళు మద్దతు తిరిగి పెట్టారు. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ తన సోర్స్ కోడ్ అందుబాటును కస్టమర్లకి పరిమితం చేశాక, ఆల్మా అచ్చు నకలుగా ఉండాలన్న పట్టు వదిలేసి, ప్రోగ్రాములు నడిస్తే చాలన్న దారి పట్టింది. ఆ స్వేచ్ఛ వల్లే ఇలాంటి మార్పులు చేయగలిగారు. ఎక్కడో పెద్ద కంపెనీల మధ్య జరిగిన గొడవ, మా కాలవ గట్టు మీది రెయిడ్ కార్డ్ దాకా వచ్చింది. ఈసారి నోటి మాటతో ఊరుకోలేదు. పన్నెండో తేదీ మధ్యాహ్నం గంటన్నర ఖాళీ అడిగి, పాత డిస్కులు బయటికి తీసి, మూడు పెన్‌డ్రైవ్‌లూ ఒక్కొక్కటీ ఆ మెషీన్ మీదే లేపి చూశాను. మూడిటిలోనూ డిస్కులు కనిపించాయి. తిరిగి పెట్టేటప్పుడు మళ్ళీ అదే మెసేజ్, అదే ఎఫ్. ఈసారి మొహం కడుక్కోలేదు.

యజమాని గారి మేనల్లుడు బీటెక్ చదువుతున్నాడు. "అన్నా, ఆర్చ్ వేద్దాం, ఎప్పుడూ లేటెస్ట్ ఉంటుంది" అన్నాడు. ఆర్చ్ అంటే ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు తెచ్చే ఇంకో డిస్ట్రో. ఎప్పుడూ లేటెస్ట్ ఉండటమే నా భయం అని చెప్పాను. వాడి ల్యాప్‌టాప్‌లో ఏం వేసుకుంటాడో వాడిష్టం.

ఉబుంటులో నాకు కనిపించిన లోపం పెద్దగా లేదు. వేరేవాళ్ళకి నేనే వేసి ఇచ్చాను. ఇక్కడ వద్దనుకోవడానికి కారణం చిన్నది. అందులో స్నాప్ అనే రకం ప్యాకేజీలు వాటంతటవే కొత్త వెర్షన్లు దించుకుంటాయి. ఫైబర్ తెగినప్పుడు ఇక్కడ మొత్తం ఆఫీసు ఒక 4జీ డాంగిల్ మీద నడుస్తుంది. సెట్ చేసి ఆపొచ్చు, కానీ ఆపాల్సినవి ఎన్ని ఉంటే మర్చిపోయేవి అన్ని ఉంటాయి.

ఆఖరికి ఆల్మా, డెబియన్ మిగిలాయి. కాగితం మీద ఆల్మాదే గెలుపు. 2032 దాకా మద్దతు. డెబియన్ 12కి మామూలు సెక్యూరిటీ మద్దతు 2026 జూన్ 10 దాకా, ఆ తర్వాత పాత వెర్షన్లని ఇంకొన్నాళ్ళు చూసుకునే ఎల్‌టీఎస్ బృందం చేతుల్లో 2028 జూన్ 30 దాకా. నాలుగేళ్ళ తేడా. ఎవరిని అడిగినా ఎక్కువ కాలం ఉన్నదే తీసుకోమంటారు.

నేను డెబియన్ తీసుకున్నాను. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

ఈ సర్వర్‌కి జరిగిందేమిటో చూడండి. సెంటాస్ 7 వచ్చింది 2014లో. పదేళ్ళ మద్దతు ఉంది కదాని కొన్నప్పటి నుంచి ఎవరూ వెర్షన్ మార్చలేదు. గడువు ముగిసేసరికి పీహెచ్‌పీ, డేటాబేస్, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి అన్నీ ఒకేసారి పాతబడిపోయి కూర్చున్నాయి. మళ్ళీ ఎనిమిదేళ్ళది వేస్తే 2032లో ఎవరో ఒకరు ఇదే గదిలో ఇదే వానలో కూర్చుంటారు. డెల్టాలో కాలవల్ని ఎలా చూసుకుంటారో మనకి తెలుసు. ఏటా ఎండాకాలం కట్టేసి, పూడిక తీసి, లాకులు చూసుకుని మళ్ళీ వదులుతారు. పదేళ్ళు వదిలేసి పదకొండో ఏట తీద్దామంటే శివారు చేనుకి నీళ్ళు అందవు. డెబియన్ దాదాపు రెండేళ్ళకో వెర్షన్ తెస్తుంది. ఒకదాని నుంచి తర్వాతదానికి ఉన్నచోటే అప్‌గ్రేడ్ కావడం దాని మామూలు పద్ధతి, ఎలా చేయాలో ప్రతిసారీ రిలీజ్ నోట్స్‌లో రాసి ఇస్తారు. రెండు మూడేళ్ళకోసారి, కాలవలు కట్టే రోజుల్లో, ఒక రాత్రి పని. అలవాటు తప్పదు, పూడిక పేరుకోదు.

ఇంకో కారణం మనిషి. నేను ఊళ్ళో లేనప్పుడు వచ్చి చూసే స్నేహితుడు ఒకడు తణుకులో ఉన్నాడు. అతని చెయ్యి తిరిగింది డెబియన్ మీద. మా ఇద్దరి దగ్గరా కలిపి తొమ్మిది డెబియన్ సర్వర్లు ఉన్నాయి, ఒకదానిలో వచ్చిన తలనొప్పి ఇంకోదానిలో మందుగా పనికొస్తుంది. ఆ స్నేహితుడు ఆల్మా మనిషై ఉంటే ఈ కేసు ఆల్మా మీదే ముగిసేది, నేను ఇదంతా ఇంకోలా రాసేవాణ్ణి. ఇది పక్షపాతమే. దాచుకోవాల్సిన పక్షపాతం కాదు.

కుదిరింది, కుదరంది

పోలాల అమావాస్య రాత్రి డెబియన్ 12 నలభై నిమిషాల్లో ఎక్కింది. అసలు పని తర్వాత మొదలైంది.

పాత ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లు పీహెచ్‌పీ 7 నుంచే లేవు. డెబియన్ 12లో ఉన్నది 8.2. ఇది ఏ డిస్ట్రో వేసినా తప్పని ముడి. ప్రోగ్రామ్ తిరగరాయడానికి కాకినాడ కుర్రాడు నెలలు అడిగాడు. అందాకా పీహెచ్‌పీ 5.6ని డాకర్ కంటైనర్లో, అంటే మిగతా సిస్టమ్‌కి అంటకుండా విడి గదిలాంటి దాంట్లో, పెట్టాను. దానికి ఇంటర్నెట్ దారి లేదు, ఆఫీసు నెట్‌వర్క్‌లో మాత్రమే కనిపిస్తుంది. ఎగుమతి కంపెనీ పోర్టల్‌కి వివరాలు పంపే పని దాన్నుంచి తీసేసి, బయట ఒక చిన్న స్క్రిప్ట్‌కి ఇచ్చాను. ఆ పీహెచ్‌పీకి మద్దతు 2018 చివర్లోనే పోయింది. అంటే రోగిని ఆస్పత్రి మార్చాం, వేరే గదిలో ఉంచాం, నయం చేయలేదు. ఆ మాట ఫారంలో కూడా అలాగే రాయించాను.

తర్వాత డేటాబేస్. మరియాడీబీ 5.5 నుంచి 10.11కి. మామూలుగా డంప్ (మొత్తం డేటా ఒక ఫైల్లోకి) తీసి ఎక్కిస్తే రైతుల పేర్లన్నీ లాటిన్ అక్షరాల పిచ్చిగీతలయ్యాయి. కారణం పాతది. అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. టేబుళ్ళు తమది ఇంగ్లీషు లాంటి భాషలకి సరిపోయే లాటిన్1 అని చెప్పుకుంటాయి, లోపల ఉన్నది అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8లో ఉన్న తెలుగు. ఇన్నాళ్ళూ ప్రోగ్రామూ డేటాబేసూ ఒకే అబద్ధం చెప్పుకున్నారు కాబట్టి నడిచింది. కొత్త సర్వర్ ఆ లాటిన్1 మాట నిజమని నమ్మి, ఉన్న యూటీఎఫ్-8ని ఇంకోసారి యూటీఎఫ్-8 చేసింది. డంప్ తీసేటప్పుడే లాటిన్1 అని చెప్పి, మార్పిడి చేయకుండా బైట్లు ఉన్నవి ఉన్నట్టు తీసి, ఫైల్లో టేబుళ్ళ నిర్వచనాలు యూటీఎఫ్8ఎంబీ4కి (మరియాడీబీలో పూర్తి యూటీఎఫ్-8 పేరు) మార్చి ఎక్కిస్తే తెలుగు తెలుగులా వచ్చింది. కనెక్షన్ దగ్గర కూడా అదే చెప్పించాను.

అప్పుడు బయటపడింది అసలు వింత. పేరు గడికి నలభై అక్షరాలు ఇచ్చాడు కుర్రాడు. లాటిన్1లో అక్షరమంటే బైటు. యూటీఎఫ్-8లో తెలుగు వర్ణం ఒక్కోదానికి మూడు బైట్లు, గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కే. "వెంకట సత్యనారాయణ" అంటే నలభై ఆరు బైట్లు. అందుకని ఏళ్ళ తరబడి స్లిప్ మీద "వెంకట సత్యనారా" అని వస్తోంది. అదే ఊళ్ళో ఉన్న వెంకట సత్యనారాయణ మూర్తి గారు కూడా "వెంకట సత్యనారా"యే. పాత డేటాబేస్ పొడుగైనదాన్ని చప్పుడు చేయకుండా కత్తిరించేది. కంప్యూటర్‌కి తెలుగు పూర్తిగా రాదనుకుని గుమస్తా గారు మిగతా అక్షరాలు పెన్నుతో రాసేవారు, ఇద్దరు సత్యనారాయణలకి తేడా తెలియడానికి పేరు పక్కన చెరువు నంబరు వేసేవారు. ఇప్పుడు గడిలో నలభై వర్ణాలు పడతాయి. తెగిపోయిన పేర్లు పాత స్లిప్ పుస్తకాలు చూసి ఆ అమ్మాయి వారం రోజులు కూర్చుని పూర్తిచేసింది.

మరియాడీబీ 10.2 నుంచి స్ట్రిక్ట్ మోడ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. అంకె ఉండాల్సిన చోట ఖాళీ వస్తే పాతది సున్నా వేసి ఊరుకునేది, కొత్తది తిరగ్గొడుతుంది. రేటు ఇంకా ఖాయం కాని లాట్లన్నీ అలా తిరిగొచ్చాయి. ప్రస్తుతానికి ఆ మోడ్ తగ్గించాను. ఇది నాకు నచ్చని రాజీ. ప్రోగ్రామ్ తిరగరాసినప్పుడు మొదట తిరిగి పెట్టాల్సింది ఇదే.

చవితికి రెండు రోజుల ముందు, విదియ నాడు, కొబ్బరికాయ కొట్టి మొదటి స్లిప్ తీశారు. నాలుగో రోజు తెల్లవారుజామున ఆఫీసు నుంచి ఫోన్. "అన్నయ్యా, కాటా సున్నా చూపిస్తోంది, మూడు లారీలు ఆగాయి." ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే, రాత్రి వోల్టేజ్ ఊగినప్పుడు కాటా యూఎస్‌బీ కేబుల్ ఊడి మళ్ళీ తగులుకున్నట్టయి, లినక్స్ ఆ కాటాకి పెట్టిన పేరు టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ1 అయింది. కంటైనర్‌కి ఇచ్చింది 0. దాన్ని రీస్టార్ట్ చేయించి ఆ పూట గడిపాను. తర్వాత కాటా చదివే పని కంటైనర్లోంచి తీసి సర్వర్‌కే ఇచ్చాను. ఏ సాకెట్‌లో పెట్టిన కేబుల్‌కి ఏ కాటా పేరో, పరికరాలకి పేర్లు పెట్టే యూడెవ్‌లో రూల్ రాశాను. ఇప్పుడు నంబరు ఏదైనా పేరు మారదు. సాకెట్ మీద కూడా మార్కర్‌తో రాసి ఉంచాం, ఎందుకంటే ఊడ్చే మనిషి యూడెవ్ రూల్స్ చదవదు.

అప్‌డేట్ల సంగతి. సెక్యూరిటీ ప్యాచ్‌లు వాటంతటవే పడేలా పెట్టాను, రీబూట్ మాత్రం దానంతటది కాకుండా ఆపాను. అమావాస్యకోసారి ఆ అమ్మాయి రీబూట్ చేసి, కాటాలు నాలుగూ చదువుతున్నాయో లేదో చూసి, నాకు ఒక మెసేజ్ పెడుతుంది. నోట్‌బుక్‌లో యమ్ ఉన్నచోట కొట్టేసి, డెబియన్‌లో అదే పని చేసే ఆప్ట్ అని రాసుకుంది. తొమ్మిది కమాండ్లు, పక్కన ఏది ఎప్పుడో తెలుగులో.

ఆ తర్వాత నా పద్ధతిలో మారింది

ఇప్పుడు ఏ పాత సర్వర్ దగ్గరికి వెళ్ళినా డిస్ట్రో మాట ఎత్తేముందు హార్డ్‌వేర్ జాబితా తీసి, కార్డుల నంబర్లు రాసుకుని, ఇన్‌స్టాలర్‌ని ఆ మెషీన్ మీదే లేపి చూస్తున్నాను. వర్చువల్ మెషీన్ రిహార్సల్ మానలేదు. అది సాఫ్ట్‌వేర్‌కే గాని ఇనుముకి కాదని గుర్తుపెట్టుకున్నాను. డేటాబేస్ చూసిన మొదటి రోజే తెలుగు గళ్ళు లోపల ఏ ఎన్‌కోడింగ్‌లో ఉన్నాయో చూస్తున్నాను. ఈ చుట్టుపక్కల అదే తప్పు ఇంకో రెండు మిల్లుల్లో దొరికింది. గడువు తేదీని ఫైల్లో కాకుండా, గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య గడిలో రాయిస్తున్నాను.

2025 ఆగస్టు 9న డెబియన్ 13 వచ్చింది. తొందరపడలేదు. కాలవలు కట్టాక చేద్దామని అనుకున్నాం. ముందుగా నా దగ్గరున్న అదే రకం కార్డ్ పెట్టిన ఇంకో పాత పెట్టె మీద ఆ అమ్మాయి చేతే చేయిస్తున్నాను, నేను పక్కన కూర్చుంటాను. పీహెచ్‌పీ 5.6 ఇంకా కంటైనర్లోనే ఉంది. కాకినాడ కుర్రాడు సగం పైన తిరగరాశానంటున్నాడు, ఆదివారాల్లో.

సత్యనారాయణ గారు ఆ మధ్య స్లిప్ తీసుకుని చాలాసేపు చూశారట. "ఏవండీ, నా పేరు పూర్తిగా వచ్చిందేంటి?" కొత్త కంప్యూటర్ అని గుమస్తా గారు చెప్పారు. "అయితే ఆ సగం పేరు మీదున్న మేత బాకీ పోయినట్టేనా?" పోలేదని చూపించడానికి గుమస్తా గారు స్క్రీన్ ఆయన వైపు తిప్పాల్సి వచ్చింది.